లెటర్‌బాక్స్‌డ్, రేట్ యువర్ మ్యూజిక్: తెలుగు సినిమా, తెలుగు పాట ఇష్టపడేవాళ్లకు ఎంతవరకు పనికొస్తాయి?

సినిమా చూశాక దాని గురించి నాలుగు ముక్కలు రాసుకునే అలవాటు ఉంటే లెటర్‌బాక్స్‌డ్ అనే సైట్‌లో ఖాతా తెరవండి. పాటల పిచ్చి ఉంటే, ఆల్బమ్‌లకి స్టార్లిచ్చి రాసుకునే రేట్ యువర్ మ్యూజిక్‌లో కూడా తెరవండి, కాకపోతే దానికి కొంచెం ఓపిక కావాలి. రెండింటినీ చాలాకాలంగా వాడుతున్నాను. వాడటమే కాదు, పాత తెలుగు సినిమాల పేజీల్లో తప్పులు కనిపిస్తే సరిచేస్తూ, ఖాళీగా ఉన్నచోట రాస్తూ వస్తున్నాను కాబట్టి ఎక్కడ బాగుంది, ఎక్కడ మనకి కుదరదు అన్నది వివరంగా చెప్తాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. లెటర్‌బాక్స్‌డ్‌ని 2011లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో మాథ్యూ బుకానన్, కార్ల్ వాన్ రాండో అనే ఇద్దరు మొదలుపెట్టారు. 2023లో టైనీ అనే కెనడా కంపెనీ అందులో 60 శాతం వాటా కొనుక్కుంది. ఇప్పుడు కోటిమందికి పైగా వాడుతున్నారు. పని చాలా సింపుల్. సినిమా పేరు వెతికి, ఏ తేదీన చూశారో పెట్టి, అర స్టార్ నుంచి ఐదు స్టార్ల దాకా ఎంతో కొంత ఇచ్చి, రాయాలనిపిస్తే రాస్తారు, లేకపోతే లేదు. స్టార్లతో సంబంధం లేకుండా విడిగా ఒక హార్ట్ గుర్తు ఉంటుంది. ఇది నాకు మహా ఇష్టం, ఎందుకంటే రెండున్నర స్టార్లే ఇవ్వగలిగిన సినిమా మీద కూడా మనకి ప్రేమ ఉంటుంది, ఆ రెండూ వేరువేరు సంగతులని ఒప్పుకున్న సైట్ నేను ఇదొక్కటే చూశాను.

డైరీయే ఇందులో అసలు సొత్తు. ఒకే సినిమాని రెండోసారి చూస్తే మళ్లీ కొత్తగా ఇంకో ఎంట్రీ వేసుకోవచ్చు, పాతది అలాగే ఉంటుంది. పండగకి ఊళ్లో సింగిల్ స్క్రీన్‌లో, విజిల్స్ మధ్య, సగం డైలాగులు వినపడకుండా చూసి నాలుగు స్టార్లు ఇచ్చిన సినిమాని రెండు నెలల తర్వాత ఓటీటీలో ఒంటరిగా చూస్తే రెండున్నర దగ్గర ఆగిపోయిందనుకోండి. రెండూ నిజమే. మామూలు రివ్యూ సైట్‌లో రెండో మాట చెప్తే "అప్పుడలా అన్నావు కదా" అంటారు. ఇక్కడ రెండు తేదీలూ పక్కపక్కనే ఉంటాయి, చదివేవాళ్లకి సినిమా గురించి, థియేటర్ గురించి కూడా తెలుస్తుంది. నేనైతే ఎంట్రీ కింద హాలు పేరు, ఏ షోకి వెళ్లానో ట్యాగ్‌గా పెడతాను. ఏడాది చివర్లో తిరగేస్తే ఏం చూశానన్నదే కాకుండా ఎలా చూశానన్నది కూడా గుర్తొస్తుంది.

ఇక అభిప్రాయం పంచుకోవడం సంగతి. మన దగ్గర సినిమా రివ్యూ అంటే చాలామందికి అది కలెక్షన్ల జోస్యం. రిలీజ్ రోజు పొద్దున్నే అమెరికా ప్రీమియర్ల టాక్, తొమ్మిదింటికల్లా వెబ్‌సైట్ల రేటింగులు. 2.75 అంటే యావరేజ్, 3 దాటితే హిట్, 3.25 అంటే ఫ్యాన్స్ పండగ. ఈ పావు స్టార్ల లెక్క మనకి ఎంత అలవాటైపోయిందంటే, రాసినాయన సినిమాలో ఏం చూశాడో చదవకుండా అడుగున ఉన్న అంకె దగ్గరకి వేలు జరిపేస్తాం. రాసేవాళ్లు కూడా కథ, నటీనటులు, సాంకేతిక వర్గం, ప్లస్సులు, మైనస్సులు, చివరిగా తీర్పు అని ఒక ఫారం నింపినట్టే రాస్తారు. ఛాయాగ్రహణం బాగుంది, ఎడిటింగ్ ఇంకొంచెం పదునుగా ఉండాల్సింది, నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి. ఈ మూడు వాక్యాలు ఏ సినిమాకి తగిలించినా సరిపోతాయి. వాటిలో సినిమా ఎక్కడుంది?

లెటర్‌బాక్స్‌డ్‌లో ఆ ఒత్తిడి లేదు. ఎవరూ తీర్పు అడగరు. సినిమాలో ఒక్క సీన్ గురించి పది లైన్లు రాసి మిగతాది వదిలేయొచ్చు. సెకండాఫ్‌లో హీరోయిన్ వంటింట్లో నిలబడి ఫోన్ పెట్టేశాక కుక్కర్ కట్టేయడం మర్చిపోయిన షాట్ ఒక్కటే మీకు పట్టుకుందనుకోండి, దాని గురించే రాయండి. సినిమా వచ్చి నలభై ఏళ్లయినా రాయొచ్చు, "ఇప్పుడెందుకు" అనేవాళ్లు ఉండరు. ప్రైవేట్ మెసేజ్‌లు లేవు కాబట్టి ఇన్‌బాక్స్‌లోకి దూరి తిట్టే అవకాశం కూడా లేదు. ఏదైనా అంటే రివ్యూ కింద, అందరి ముందే అనాలి. సినిమా వివరాల సైట్ ఐఎండీబీ 2017లో తన మెసేజ్ బోర్డులు మూసేశాక సినిమా గురించి నింపాదిగా మాట్లాడుకునే చోటు కోసం వెతుక్కున్నవాళ్లలో చాలామందికి ఇదే దిక్కయింది.

అయితే ఇక్కడికి ఫ్యాన్ వార్లు రావని అనుకోవద్దు. పెద్ద హీరో సినిమా రిలీజైన రోజు ఆ పేజీలో రేటింగుల గ్రాఫ్ చూడండి. అర స్టార్ నుంచి ఐదు దాకా పది గీతలు ఉంటాయి. మామూలు సినిమాకి మధ్యలో ఎత్తుగా ఉండి రెండు వైపులా మెల్లిగా దిగుతాయి. మన పెద్ద సినిమాకి మొదటిరోజు అర స్టార్ దగ్గర ఒక గోడ, ఐదు స్టార్ల దగ్గర ఇంకో గోడ, మధ్యలో ఏమీ ఉండదు. కొత్త ఖాతాలు తెరిచి, ప్రొఫైల్‌లో ఆ ఒక్క సినిమా తప్ప ఇంకేమీ లేకుండా వచ్చేవాళ్లే ఎక్కువ. ఒక వారం పోనిస్తే నిజంగా సినిమా చూసినవాళ్లు వచ్చి మధ్య గీతలు లేస్తాయి. అందుకే కొత్త తెలుగు సినిమాకి లెటర్‌బాక్స్‌డ్ సగటు చూసి టికెట్ కొనొద్దు, మానొద్దు. ఓటీటీలోకి వచ్చాక ఆ సగటు కొంత నమ్మదగ్గది అవుతుంది.

నా లెక్కలో సగటుకి అసలు విలువే తక్కువ. ఎవరు చెప్పారన్నది ముఖ్యం. సినిమా పేజీలో మీరు ఫాలో అవుతున్నవాళ్ల రివ్యూలు విడిగా, ముందు చూపిస్తుంది. ఒకతను ఉన్నాడు (పేరు చెప్పను, ఎక్కడివాడో నాకూ తెలియదు), మాస్ సినిమాల్లో ఫైట్ల గురించే రాస్తాడు. ఏ షాట్‌లో రోప్ కనిపించింది, ఏ దెబ్బకి సౌండ్ ముందే పడింది, ఎక్కడ కెమెరా కదపకుండా నటుడి చేతే చేయించారు, ఇవే. నాకూ అతనికీ కథల విషయంలో అస్సలు పడదు. కానీ అతను ఫైట్ బాగుందంటే కళ్లు మూసుకుని వెళ్తాను, ఇంతవరకు నిరాశపడలేదు. ఇంకొకావిడ పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలే చూస్తుంది, ప్రతి రివ్యూలో సూర్యకాంతం, ఛాయాదేవి, రమణారెడ్డి లాంటివాళ్లు ఏం చేశారో తప్ప హీరో పేరు కూడా ఎత్తదు. ఇలాంటివాళ్లు పదిమంది దొరికితే చాలు, వేలమంది సగటుతో పనిలేదు. వాళ్లని పట్టుకునే మార్గం ఒకటుంది. మీకు బాగా ఇష్టమైన, పెద్దగా ఎవరూ మాట్లాడని సినిమా పేజీకి వెళ్లి, దానికి ఎక్కువ స్టార్లిచ్చినవాళ్ల ప్రొఫైళ్లు చూడండి. ప్రొఫైల్ పైన నాలుగు అభిమాన సినిమాల పోస్టర్లు ఉంటాయి. ఆ నాలుగు చూస్తే మనిషి సగం అర్థమవుతాడు.

నాకు నచ్చనిది పాపులర్ రివ్యూల వరస. లైకులు ఎక్కువొచ్చినవి పైకి వస్తాయి, లైకులేమో ఒక్క లైను జోకులకి వస్తాయి. రాత్రి కూర్చుని ఆరేడు పేరాలు రాసినాయన అడుగున ఎక్కడో ఉంటాడు. సినిమా చూసి మనసు బరువెక్కి ఎవరేమన్నారో చూద్దామని వెళ్తే పైన హీరో జుట్టు మీద ఒక పంచ్ డైలాగ్ కనిపిస్తుంది. చిరాకేస్తుంది. పాపులర్ వరసని దాటేసి కొత్తగా రాసినవి ముందు వచ్చేలా మార్చుకుని చదవండి.

ఆర్ఆర్ఆర్ విషయంలో ఈ సైట్ బలం, బలహీనత రెండూ ఒకేసారి చూశాను. 2022 మార్చిలో సినిమా వచ్చింది, మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లోకి హిందీ వెర్షన్ వచ్చింది, తెలుగు జీ5లో వచ్చింది. నెట్‌ఫ్లిక్స్‌లో చూసిన అమెరికా, యూరప్ జనం లెటర్‌బాక్స్‌డ్ నిండా రాశారు. తెలుగు సినిమా ఇంతకుముందు ఒక్కటీ చూడనివాళ్లు ఎంత ఆనందంగా రాశారో చదువుతుంటే నాకు నిజంగా గర్వంగా అనిపించింది. మనం అలవాటైపోయి పట్టించుకోని ఇంటర్వెల్ బ్యాంగ్ గురించి, పాట మధ్యలో కథ ముందుకెళ్లడం గురించి వాళ్లు కొత్తగా చూసి రాశారు. కానీ వాళ్లలో చాలామంది విన్నది "నాటు నాటు" కాదు, "నాచో నాచో". చంద్రబోస్ రాసిన ఆ పల్లెటూరి ఉపమానాలు, పోట్లగిత్త, పోలేరమ్మ జాతరలో పోతరాజు, ఇవేవీ వాళ్ల చెవిన పడలేదు. సినిమాని బాలీవుడ్ అని రాసినవాళ్లకి లెక్కే లేదు. అప్పుడు మనవాళ్లు కొందరు ఆ రివ్యూల కింద ఓపిగ్గా, గొడవపడకుండా, ఇది తెలుగు సినిమా, పాట అసలు మాటలు ఇవి అని రాసుకుంటూ వెళ్లారు. కొందరు ఇంగ్లీషువాళ్లు తెలుగు ఆడియోతో మళ్లీ చూసి రెండో ఎంట్రీ వేశారు. అభిప్రాయాలు పంచుకోవడం అంటే నాకు అదీ.

ఇప్పుడు కొంచెం లోపలి సంగతి. లెటర్‌బాక్స్‌డ్‌కి సొంత సినిమా సమాచారం లేదు, టీఎండీబీ అనే సైట్ నుంచి తెచ్చుకుంటుంది. టీఎండీబీలో ఎవరైనా ఖాతా తెరిచి దిద్దొచ్చు. అంటే తెలుగు సినిమా పేజీ ఎంత బాగుందన్నది మనవాళ్లు ఎంత శ్రద్ధగా నింపారన్న దాన్నిబట్టే ఉంటుంది. కొత్త సినిమాలకి ఇబ్బంది లేదు. పాతవాటి దగ్గర చాలా ఖాళీలు. దేవదాసు అని వెతికితే 1953ది ఒకటి, 1974ది ఒకటి, 2006ది ఒకటి, ఇవి కాక వేరే భాషలవి. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్కో పేజీలో ఒక్కో రకం. చూసిన సినిమా కాకుండా వేరేదానికి స్టార్లిచ్చేసినవాళ్ల రివ్యూలు చదివితే తెలిసిపోతుంది, అక్కినేని పేజీలో కూర్చుని వేరే దేవదాసు గురించి రాసుంటారు. కాబట్టి ఏడాది చూసుకుని నొక్కండి. మాయాబజార్ 1957లో తెలుగులో, తమిళంలో విడివిడిగా తీసి విడుదల చేసిన సినిమా. నటీనటుల్లో కూడా తేడా ఉంది. అలాంటివాటికి ఏ పేజీ ఏ భాషదో చూసుకోవాలి.

దిద్దడం కష్టమేమీ కాదు. నేను పాత సినిమా చూసేటప్పుడు టైటిల్స్ దగ్గర ఆపి ఆపి చదువుతాను. కళ, శబ్దగ్రహణం, నృత్యం, స్టిల్స్, ఆఖరికి "మరియు తదితరులు" ముందు ఉన్న పేరు దాకా. వాటిలో పేజీలో లేనివి ఎక్కిస్తాను. సినిమా పేరు తెలుగు లిపిలో లేకపోతే అది ముందు పెడతాను, కొంత సమయానికి లెటర్‌బాక్స్‌డ్‌లో కూడా ఇంగ్లీషు పేరు పక్కన తెలుగులో కనిపిస్తుంది. పాటలు రాసినవాళ్ల పేర్లు చాలా పేజీల్లో ఉండవు, పాడినవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఘంటసాల, సుశీల, జానకి లేకుండా తెలుగు సినిమా పేజీ ఏమిటి? సంగీత దర్శకుడి పేరు ఒక్కటి ఇచ్చి సరిపెట్టేస్తే మన సినిమాలో సగం పేజీలోకి రానట్టే.

అందుకే పాటల కోసం రేట్ యువర్ మ్యూజిక్‌కి వెళ్తాను. ఇది ఇంకా పాతది, 2000లో హుస్సేన్ షరీఫీ అనే ఆయన అమెరికాలో మొదలుపెట్టాడు. చూడటానికి ఆ కాలపు సైట్‌లాగే ఉంటుంది, పేజీ నిండా అక్షరాలే. మొదటిసారి వెళ్తే ఎక్కడ ఏముందో తెలియక టెన్షన్ వస్తుంది. అక్కడ కూడా అర స్టార్ నుంచి ఐదు దాకానే. సంగీతం ఏ రకానిదన్నది వాడేవాళ్లే ఓటు వేసి తేలుస్తారు. దానిపైన ఆ సంగీతం ఎలా అనిపిస్తుందో చెప్పే మాటలకి కూడా ఓట్లు ఉంటాయి, దిగులుగా, హుషారుగా, నెమ్మదిగా, ఇలా. ఆల్బమ్ ఏ ఏడాది, ఏ కంపెనీ, రికార్డు నంబరు ఎంత, ఇన్ని వివరాలు అడుగుతారు, కొత్తది ఎక్కిస్తే పరిశీలించి గానీ ఒప్పుకోరు.

ఆ చాదస్తం మనకి చాలా అవసరం. పాటల యాప్‌లలో పాత తెలుగు సినిమా తెరవండి, యాభైల్లో వచ్చిన సినిమా మీద కంపెనీవాళ్లు డిజిటల్‌లో ఎక్కించిన ఏడాది వేసి ఉంటుంది. గాయకుల పేర్లు తారుమారు, రచయిత పేరు ఉండదు, కొన్నిచోట్ల పాట పేరే తప్పు. ఇరవై ఏళ్లు నిండని పిల్లలు ఆ యాప్‌ల ద్వారానే పాత పాట వింటున్నారు, వాళ్లకి ఆ పాట ఎప్పటిదో, ఎవరిదో ఎలా తెలియాలి? రేట్ యువర్ మ్యూజిక్‌లో ఒకసారి సరిగ్గా ఎక్కితే అలాగే ఉంటుంది. సిరివెన్నెల (1986) సంగతే తీసుకోండి. యాప్‌లో చూస్తే కె.వి. మహదేవన్ పేరు, గాయకుల పేర్లు, అంతే. ఆ సినిమాలో హీరో అంధుడైన వేణుగాన విద్వాంసుడు, ఆ వేణువు నిజంగా వాయించింది హరిప్రసాద్ చౌరసియా. "విధాత తలపున" పాటలో బాలు గొంతు ఆగిన చోట వేణువు అందుకుంటుంది చూడండి, ఆ ఊపిరి ఎవరిదో ఆల్బమ్ పేజీలో ఉండాలా వద్దా? రేట్ యువర్ మ్యూజిక్‌లో వాయిద్యం పేరుతో సహా రాయడానికి చోటు ఉంది. చౌరసియా కచేరీ రికార్డుల కోసం వచ్చిన ఏ జర్మనీవాడో ఆ లింకు పట్టుకుని కె. విశ్వనాథ్ దాకా రావచ్చు. ఆ సినిమాతోనే సీతారామశాస్త్రి ఇంటిపేరు మారిపోయిందని రివ్యూలో రాస్తే అతనికి అదీ తెలుస్తుంది.

మాయాబజార్ పాటలది ఇంకో కథ. టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల. కానీ "లాహిరి లాహిరి", "చూపులు కలిసిన శుభవేళ" లాంటి నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టి ఆ తర్వాత తప్పుకున్నారు, వాటిని ఆర్కెస్ట్రాతో తీర్చిదిద్ది రికార్డు చేయించింది, మిగతా పాటలు చేసింది ఘంటసాల. పాత పాటలు వినేవాళ్లందరికీ ఇది తెలిసిందే, కానీ తెలిసినవాళ్ల నోళ్లలోనే ఉండిపోతే ఎలా? ఇలాంటిది రివ్యూ రూపంలో ఆ పేజీ కింద ఉంటే, ఈ సినిమాలో ఏ పాట ఎవరి ముద్రతో ఉందో చెవితో పోల్చుకుంటూ వినొచ్చు. నేను అలాగే విన్నాను, రాశాను.

అయితే మనకి కుదరనిది ఒకటుంది. ఆ సైట్‌లో పాటలకి విడిగా స్టార్లిచ్చే వీలున్నా ఎక్కువగా నడిచేది ఆల్బమ్ లెక్కే. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక వరసలో విని మొత్తానికి ఒక అంకె ఇవ్వడమే అక్కడి పద్ధతి. మనం ఏ రోజు అలా విన్నాం? రేడియోలో వివిధభారతి విన్నా, క్యాసెట్ వేసినా, ఇప్పుడు ఫోన్‌లో విన్నా మనకి పాటే ప్రమాణం. ఐదు పాటల్లో ఒకటి ప్రాణం, రెండు ఫరవాలేదు, ఒక ఐటమ్ సాంగ్, ఒకటి ఎప్పుడూ దాటేసేది. దానికి సగటు తీస్తే మూడు వస్తుంది, ఆ ప్రాణమైన పాటకి అన్యాయం జరుగుతుంది. నేను చేసేదేమిటంటే ఆల్బమ్‌కి స్టార్లు ఇచ్చి, కింద రివ్యూలో పాట పాటకీ విడిగా రాస్తాను. ఇళయరాజా ఆల్బమ్‌ల దగ్గర ఇంకో చిక్కు. అదే బాణీ తమిళంలో ఒక సినిమాలో, తెలుగులో ఇంకో సినిమాలో ఉంటుంది. తమిళ పేజీకి వందల్లో రేటింగులు, తెలుగు పేజీకి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాళ్లు రాస్తున్నారు, మనం రాయడం లేదు. అంతకుమించి కారణం ఏమీ లేదు.

భాష గురించి కూడా ఒక మాట. రెండు సైట్‌లలోనూ మెనూలన్నీ ఇంగ్లీషే, కానీ రివ్యూ తెలుగులో రాయడానికి ఏ అడ్డూ లేదు, అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. అయినా మనవాళ్లు ఎక్కువమంది ఇంగ్లీషులోనో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులోనో రాస్తున్నారు. లైకులు రావని భయం. నిజమే, తక్కువే వస్తాయి. కానీ ఒక డైలాగ్ ఎందుకు బాగుందో, ఆ యాస ఉత్తరాంధ్రదా, తెలంగాణదా, నటుడికి ఎక్కడ పట్టు తప్పిందో ఇంగ్లీషులో ఎలా చెప్తారు? కేరాఫ్ కంచరపాలెం లాంటి సినిమా గురించి ఇంగ్లీషు రివ్యూలు ఎన్నో చదివాను, బాగానే రాశారు, కానీ ఆ మనుషులు మాట్లాడే తీరు గురించి ఒక్కదాంట్లో కూడా సరిగ్గా రాలేదు. తెలుగులో రాసిన రెండు చిన్న రివ్యూల్లో వచ్చింది. ఇంగ్లీషులో రాయాలనుంటే రాయండి, దాని కిందే ఇంకో పేరా తెలుగులో కూడా రాయండి.

డబ్బుల సంగతి. రెండూ ఉచితంగా వాడుకోవచ్చు, యాడ్స్ ఉంటాయి. లెటర్‌బాక్స్‌డ్‌లో ప్రో అని ఏడాదికి 19 డాలర్లది ఒకటి, పేట్రన్ అని 49 డాలర్లది ఒకటి. ప్రో తీసుకుంటే యాడ్స్ పోతాయి, ఏ ఏడాది ఏ దర్శకుడివి, ఏ నటుడివి ఎన్ని చూశారో లెక్కలన్నీ ఒక పేజీలో వస్తాయి. లెక్కలు చూసుకోవడం సరదా అయితే తీసుకోండి, రాయడం కోసమైతే అక్కర్లేదు. పేట్రన్‌లో పోస్టర్లు మనకి నచ్చినవి మార్చుకోవచ్చు, దానికి అంత డబ్బు నేను పెట్టను. వెబ్ సిరీస్‌లు ఇందులో పెద్దగా దొరకవు, అవి మాత్రమే చూసేవాళ్లకి ఇది దండగ. రాసినదంతా ఒక ఫైల్‌గా దించుకునే సౌకర్యం ఉచిత ఖాతాలో కూడా ఉంది, సెట్టింగ్స్‌లో డేటా అన్నచోట ఉంటుంది. అప్పుడప్పుడు దించి పెట్టుకోండి. ఐఎండీబీలో మీ పాత రేటింగులు ఉంటే వాటిని కూడా ఇక్కడికి తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత తేదీలు మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి.